గబ్బిలం రెక్కలో అయిదు వేళ్లు

కాలేజీ మ్యూజియంలో ఎముకలకు తీగ బిగించి అస్థిపంజరాలు నిలబెట్టే మనిషిని అందరూ ఎముకల మామయ్య అంటారు. ముప్ఫై ఏళ్లలో పాము మొదలు గుర్రం దాకా ఎన్నిటినో నిలబెట్టాడు. ఎముక మీద సిరాతో రాసిన అంకె చూడటం, పక్క అంకెకు కలపడం, అంతే. అది ఏ జీవి, దాని కథేమిటి అని అడిగిన పాపాన పోలేదు.

ఆ వారం అతని మనసు మనసులో లేదు. ఏడాది తిరగకపోవచ్చని డాక్టరు చెప్పేశాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. చావు భయం కన్నా, తన గుర్తంటూ ఏదీ మిగలదన్న దిగులే అతన్ని తినేస్తోంది. ఆ పరధ్యానంలో గబ్బిలం ఎముకల్ని తెల్లబరిచే మందులో వేసి మర్చిపోయాడు. మర్నాడు తీస్తే అంకెలన్నీ మాయం!

ఏ ఎముక ఎక్కడుండాలో చూపే పటం కోసం బీరువాలన్నీ గాలించాడు. దొరకలేదు. చివరికి తెగించి, ఎడమచెయ్యి బల్లమీద పరిచి, దాన్ని చూస్తూ పేర్చసాగాడు. భుజం నుంచి మోచేతి దాకా ఒకటి. ముంజేతికి రెండు, అందులో ఒకటి మరీ సన్నం. మణికట్టుకు గులకరాళ్లలాంటివి. ఆపైన పొట్టి బొటనవేలితో కలిపి అయిదు వేళ్లు! చేతినీ రెక్కనూ మార్చి మార్చి చూశాడు.

జువాలజీ మేడమ్ వచ్చి వంగి చూసింది. "అన్నీ సరిగ్గా ఉన్నాయే! పటం దొరికిందా?"

"లేదు మేడమ్. నా చెయ్యి చూసి పెట్టా. నా చెయ్యి దీనికెలా వచ్చింది?"

"ఇద్దరికీ ఒకే ముత్తాత ఇచ్చాడండీ. కోట్ల ఏళ్ల కిందటి చిన్న జీవి. అక్కణ్నుంచి మీ దాకా ఒక్కళ్లూ పిల్లల్లేకుండా పోలేదు. అందుకే మీరున్నారు."

అతని ముఖం వాడిపోయింది. "అయితే నా దగ్గరే తెగిందన్నమాట."

ఆవిడ నాలుక కరుచుకుంది. "మీ ఒక్కరిదే అయితే తెగేది. కిటికీలోంచి చూడండి, ఈ ఎముకల వరస ఎవరికి లేదో చెప్పండి" అంది.

గోడమీద కాకి, దాని కింద పిల్లి, రోడ్డు నిండా జనం. ఎంతసేపు చూశాడో అతనికే తెలియదు. ఇంత పెద్ద సంసారంలో పుట్టి ఒంటరివాణ్నని ఏడ్చానా అనుకున్నాడు. భయం పోలేదు గానీ, దాని పక్కనే కొండంత ఆశ్చర్యం వచ్చి కూర్చుంది.

సాయంత్రం చెల్లెలింటికి వెళ్లి జబ్బు సంగతి చెప్పాడు. తను పోయాక ఒంటిని మ్యూజియానికిచ్చే కాగితం మీద అయినవాళ్ల తరఫున సంతకం పెట్టమన్నాడు.

"మతి పోయిందా అన్నయ్యా? నిన్ను గబ్బిలాల పక్కన నిలబెడతారా?"

"మనవాళ్లేలేవే."

చెల్లెలు తిట్టింది, ఏడ్చింది, చాలాసేపటికి సంతకం పెట్టి కలం అతని చేతికిచ్చింది.

"చిన్నప్పుడు గోడ దూకి విరగ్గొట్టుకున్నావే, ఆ చిటికెన వేలు వంకరగానే ఉంచమని రాయి. లేకపోతే నిన్నెలా గుర్తుపట్టేది?"