కుందేలు నుదుట కుంకుమ

2011లో నేను అశోక్‌నగర్‌లో ఇద్దరితో కలిసి ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. వాళ్లిద్దరూ గ్రూప్స్‌కు చదువుతున్నారు. ఆ పేటలో గ్రూప్స్‌కు చదవని వాణ్ణి జనం కొంచెం అనుమానంగా చూస్తారు. నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పిన సాయంత్రం వాళ్లలో ఒకడు ఇడ్లీ బండి దగ్గర నిలబడి అడిగాడు.

“ఏం పనిరా?”

“షాంపూ టెస్టింగ్.”

“అంటే రోజూ తలస్నానమా? మస్తుంది కదరా నౌకరీ!”

“తలకు కాదు, కంట్ల వేస్తరు.”

“నీ కంట్లనా?”

“కుందేలు కంట్ల.”

వాడు ఇడ్లీకి చట్నీ అద్దుకున్నాడు. “మరి కుందేలుకు జీతమెంత?” అన్నాడు. ఆ తర్వాత ఈ విషయం మీద నేను చాలా ప్రశ్నలు విన్నాను. అంతకన్నా తెలివైనది మాత్రం వినలేదు.

నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి అడ్డంగా వచ్చే ఒక గల్లీలో, పాత రెండంతస్తుల ఇంట్లో ఉండేది మా ల్యాబు. కింద ఆఫీసు, పైన పరికరాలు, వెనక వంటిల్లు ఉండాల్సిన చోట కుందేళ్ల గది. పక్కింటివాళ్లు మాది మందుల కంపెనీ అనుకునేవాళ్లు. అంతకు మించి తెలుసుకోవాలని వాళ్లకు లేదు, చెప్పాలని మాకూ లేదు. సబ్బులు, షాంపూలు, గిన్నెలు తోమేవి, బండలు తుడిచేవి తయారుచేసే కంపెనీలు మాకు సీసాలు పంపేవి. అందులో ఉన్నది మనిషి కంట్లో పడితే ఏమవుతుందో మేం చెప్పాలి. మనిషిని అడగడం మర్యాద కాదు కాబట్టి కుందేలును అడిగేవాళ్లం.

అడిగే పద్ధతి సులువే. కుందేలును ఒక పెట్టెలో కూర్చోబెట్టి, తల ఒక్కటే బయటికి వచ్చేలా మూత బిగిస్తారు. కింది రెప్పను కాస్త లాగితే చిన్న దొన్నెలాగా అవుతుంది. అందులో ఒక చుక్క వేసి రెప్ప మూసి పట్టుకుంటారు. రెండో కంటి జోలికి పోరు, అది పోల్చి చూసుకోవడానికి. గంట తర్వాత ఒకసారి, ఆ పైన మూడు రోజులు రోజుకోసారి టార్చి వేసి చూసి, కన్ను ఎంత ఎర్రబడిందో, ఎంత మసకబారిందో దాన్ని బట్టి మార్కులు వేస్తారు. సున్నా వస్తే షాంపూ పాసైనట్టు. ఇంతకీ కుందేలే ఎందుకంటే, దానికి కన్నీళ్లు తక్కువ, కంట్లో పడ్డది తొందరగా కొట్టుకుపోదు. పైగా అది అరవదు. ఈ రెండు గుణాలూ ఉన్న ఉద్యోగి ఏ సంస్థకైనా ముద్దే.

నా పని రిపోర్టులు రాయడం. ఆ భాషలో ఎవరూ ఎవరికీ ఏమీ చెయ్యరు. ద్రవం “వేయబడుతుంది”, ఎరుపు “గమనించబడుతుంది”, చివరికి జంతువు “మానవీయంగా ముగించబడుతుంది”. బీఎస్సీలో నాకు అంత చక్కటి భాష నేర్పలేదు.

వేసేది, గమనించేది, ముగించేది అన్నీ ఒక్కామే. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, అంబర్‌పేట నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆఫీసులో అందరూ మేడం అనేవారు, నేను అక్కా అనేవాణ్ణి. కుందేళ్లకు పేర్లు పెట్టనిచ్చేది కాదు. “పేరు పెడితే పిలవాల్సొస్తది తమ్మీ” అనేది. రెప్ప లాగేటప్పుడు ఆమె ఒక్క క్షణం ఆగడం నేనెప్పుడూ చూడలేదు. పని అయ్యాక చాలాసేపు చేతులు కడుక్కోవడం మాత్రం చూశాను.

మా సారు మంచివాడు. ఇది వెటకారం కాదు. శనివారం గుడ్డు కూడా ముట్టడు. గల్లీ కుక్కలకు బిస్కెట్లు వేసేవాడు, దోమను చెయ్యి ఊపి తోలేవాడే తప్ప కొట్టేవాడు కాదు. కుందేళ్ల మాట ఎత్తితే ఆయన దగ్గర ఒకే జవాబు ఉండేది.

“రేపు నీ బిడ్డ కంట్ల పోయాల్నా ముందు? చెప్పు.”

దీనికి జవాబు లేదని ఆయన నమ్మకం. నాకు అప్పటికి బిడ్డ లేదు కాబట్టి నేనూ మాట్లాడేవాణ్ణి కాదు. కానీ ఆ ఏడాది దసరాకు ముందు వచ్చిన సీసా పిల్లల షాంపూదే. అదే షాంపూ గులాబీ రంగులో అప్పటికే బజారులో ఉంది. చిక్కడపల్లిలో మా కిరాణా కొట్టులో కూడా దొరికేది. కంపెనీవాళ్లు ఇప్పుడు గులాబీ తీసేసి ఆకుపచ్చ వేశారు, వాసన మార్చారు. అంతే. ఏ బిడ్డా ఆకుపచ్చ రంగు కావాలని ఏడ్చినట్టు నేను వినలేదు. దానికి మూడు కుందేళ్లు. 2014లో ఇలాంటి సౌందర్య సాధనాలకు జంతువుల మీద పరీక్షలు వద్దని ప్రభుత్వమే చెప్పింది. పేపర్లో ఆ వార్త చదివినప్పుడు, సారు చెప్పిన ఆ బిడ్డలందరూ ఇప్పుడు ఎట్లా బతుకుతారోనని కాసేపు బెంగపడ్డాను.

మామూలుగా సున్నా వచ్చిన కుందేలుకు కొన్ని వారాలు విశ్రాంతి ఇచ్చి, మళ్లీ ఇంకో సీసాకు వాడేవాళ్లు. కన్ను చెడేదాకా అంతే, చెడ్డాక చంపే సూది. ఆ మూడింటి విషయంలో మాత్రం అక్క, నాకు తెలిసి మొదటిసారి, సారును ఒకటి అడిగింది. ఆమె చెల్లెలు బర్కత్‌పురలో ఒక చిన్న బడిలో టీచరు. ఆ బడి వెనక పెద్ద పంజరం ఖాళీగా పడి ఉంది. పిల్లలు కుందేళ్లు కావాలంటున్నారట.

“పని అయినంక ఈ మూడు ఇస్తరా సార్?”

సారు పెద్దగా ఆలోచించలేదు. “రెండు కండ్లు సాఫ్ ఉంటే తీస్కపోమ్మా. సున్నా రావాలె. కన్ను పాడైనదాన్ని పిల్లలకిస్తే మనకే బద్నాం.”

అక్క ఆ మూడు రోజులూ మామూలుగానే ఉంది. కాకపోతే లంచ్ డబ్బాలో క్యారెట్లు ఎక్కువ తెచ్చేది. మొదటి గంటకు మూడింటికీ కొద్దిగా ఎరుపు. మర్నాటికి ఒకదానికే. ఆ మర్నాడు మూడూ సున్నా. ఇంకొక్కసారి చూస్తే అయిపోతుంది. సాయంత్రం ఆటోలో తీసుకుపోవడానికి రెండు అట్టపెట్టెలకు గాలి పోయేలా బొక్కలు కూడా పెట్టింది.

ఆ చివరి రీడింగు పొద్దునే మా ల్యాబులో ఆయుధ పూజ వచ్చింది.

మా ఊళ్లో ఆ రోజు బొట్టు లేని యంత్రం కనిపించదు. ఆటోకు, కుట్టు మిషనుకు, జిరాక్స్ మిషనుకు అన్నింటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండ. మా ల్యాబులో ఆ పని సారు భార్యది. ఆమెను అందరం అమ్మా అనేవాళ్లం. పట్టుచీర కట్టుకుని, పళ్లెం పట్టుకుని, త్రాసుకు, మైక్రోస్కోపుకు, నేను రిపోర్టులు కొట్టే కంప్యూటరుకు వరసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. కుందేళ్లను బిగించే పెట్టెలకు కూడా పెట్టింది. మూత మీద పసుపు పూసి, తల బయటికి వచ్చే కంత చుట్టూ చక్కగా చుక్కలు దిద్దింది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత పంజరాల వైపు తిరిగింది.

“వీటికి పెట్టలేదేంది ఎవరు?”

అక్క ముందుకు వచ్చింది. “అమ్మా, వాటికి వద్దమ్మా. ఇంకో గంటల రీడింగున్నది.”

“బొట్టు పెడితే రీడింగుకేమయితది? నుదుటికి పెడ్త గని కంట్ల పెడ్తనా?”

“అవి మొకం తుడుసుకుంటయమ్మా.”

“ఏడాదంత వీటి మీదనే కదా మనందరం అన్నం తింటున్నం. పండుగ పూట అన్నం పెట్టేటోళ్లకు బొట్టు వద్దంటవేంది? ఆడపిల్లవేనా నువ్వు?”

అక్క సారు వైపు చూసింది. సారు హారతికి అగ్గిపుల్ల గీస్తున్నాడు. “పెట్టనియ్యమ్మా, చుక్కంత” అన్నాడు.

కుంకుమ పట్టుకుని వచ్చిన చేతిని మా వైపు ఎవరూ పక్కకు నెట్టరు. దొంగైనా తల వంచి పెట్టించుకుంటాడు. అక్క ముందుగా తన నుదుట పెట్టించుకుంది. తర్వాత పక్కకు జరిగింది. అమ్మ ఒక్కొక్క కుందేలునూ చెవులు నిమిరి, తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ అద్ది, రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. మనస్ఫూర్తిగా పెట్టింది. ఆ గదిలో వాటికి దండం పెట్టిన మనిషిని నేను అప్పుడే చూశాను.

నుదుట తడి తగిలితే కుందేలు ఊరుకోదు. ముందు కాళ్లు రెండూ ఎత్తి, నాకి, మొహమంతా రుద్దుకుంటుంది. కళ్ల నుంచి ముక్కు దాకా. మేం పైన కొబ్బరికాయ కొట్టి, పులిహోర తిని దిగేసరికి మూడు తెల్ల కుందేళ్లూ ఎర్రగా ఉన్నాయి. పెట్టెల్లో బిగించి ఉన్నా బాగుండేదని జీవితంలో ఆ ఒక్క పూటే అనిపించింది. అక్క సెలైనుతో కడిగి, టార్చి వేసి చూసింది. షాంపూ వేసిన కన్ను ఎరుపు. వెయ్యని కన్నూ ఎరుపు. ఆ కుంకుమ బజారులో పొట్లం కట్టి అమ్మేది. దాన్ని ఏ జీవి కంట్లోనూ వేసి చూడలేదు. కాబట్టి అహింసాయుతమైన సరుకు అనే చెప్పాలి.

సారు గదిలో ముగ్గురం కూర్చున్నాం.

“కుంకుమ పడ్డది సార్. రెండ్రోజులల్ల తగ్గుతది. అదే రాద్దాం” అంది అక్క.

“ఏమని రాద్దాం? నడుమల మనం కుంకుమ పూసినమనా? కంపెనోళ్లు మళ్ల సీసా పంపుతరా?”

“పోనీ, షాంపూతోనే ఎరుపొచ్చిందని రాయండి.”

“నిన్న సున్నా ఉండె కదా! పైగా వెయ్యని కన్ను కూడ ఎర్రగనే ఉన్నది.”

నేను సాయపడదామని, “కంటికి హాని చేసే బయటి పదార్థం అని రాస్తే సార్, కుంకుమ అని పేరు రాయకుండా...” అన్నాను.

సారు నా వైపు నిజంగానే బాధగా చూశాడు. “పండుగ పూట, మా ఇంటామె చేతి కుంకుమ హాని జేసిందని నీతోటి రాయించాల్నా?”

అట్లా షాంపూ నిర్దోషి అని తేలింది. కుంకుమ నిర్దోషి. అమ్మ, సారు, కంపెనీ నిర్దోషులు. ఇక ఆ గదిలో మిగిలింది కుందేళ్లే. వాటికి ముందు నుంచే కంటి జబ్బు ఉందనీ, ఆ సంగతి ఆలస్యంగా గమనించబడిందనీ, వాటిని తొలగించి కొత్తవాటితో పరీక్ష మళ్లీ చేయబడుతుందనీ రాశాం. జబ్బు జంతువును బయటికి ఇవ్వకూడదు.

అప్పుడే అక్క ఫోను మోగింది. చెల్లెలు. సారు ఎదురుగానే ఉన్నాడు. అక్క టేబుల్ వైపు చూస్తూ మాట్లాడింది.

“ఇయ్యాల తెస్తలేనే... లేదు, వాటికి కండ్ల జబ్బంట... మొదటిసంది ఉన్నదంట... పిల్లలకు ఏదో ఒకటి చెప్పు.”

పండుగ సెలవు అయ్యాక ఆమె నన్ను వెనక గదిలోకి పిలిచి, చేతికి టార్చి ఇచ్చింది. “చూడు” అంది. మూడు కుందేళ్లు, ఆరు కళ్లు, ఎక్కడా ఎరుపు లేదు. రాసుకోవడానికి కాగితం లేదు, ఆ పరీక్షే జరగనట్టు లెక్క. సూదులు అప్పటికే నింపి ఉన్నాయి. నేను టార్చి ఆపి బయటికి వచ్చాను. ఆ రోజు కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది.

కొత్త కుందేళ్లు మూడు వచ్చాయి. ఆకుపచ్చ షాంపూ మళ్లీ పడింది, మళ్లీ పాసైంది. ఈసారి అడ్డంగా ఏ పండుగా రాలేదు. సారు తనంతట తానే గుర్తుపెట్టుకుని వెనక్కి వచ్చాడు.

“నేనిచ్చిన మాట నాకు యాదికున్నదమ్మా. ఇవి సాఫ్ ఉన్నయి. తీస్కపో.”

అక్క అక్కడే చెల్లెలికి ఫోను చేసింది. నాకు ఇవతలి మాటలే వినిపించాయి. “అవి వేరే, ఇవి వేరే... లేదే, అంటుకునేది కాదది... అవ్, నేనే చెప్పిన... సరే. సరే తియ్.”

“ఏమైందక్కా?”

“పెద్ద టీచర్ వద్దంటుందట. మొన్నటివి కండ్ల కలకతోటి పోయినయని బడంత తెలిసింది. ఆ గదిల ఉన్నయే కదా ఇవి కూడ, పిల్లలకు అంటుకుంటే ఎవలు జవాబుదారంటుందట.”

“అసలు సంగతి చెప్పకపోయినవా?”

“ఏం చెప్పాలె? బొట్టు పెట్టినమని చెప్పాల్నా? ఒకవేళ నమ్మిందే అనుకో. జబ్బు లేనిదాన్ని ఎందుకు సంపినవని అడుగుతది కదా తమ్మీ.”

సారు మాట తప్పలేదు. తీసుకునేవాళ్లే లేకపోయారు. ఆ మూడింటికీ కొన్ని వారాలు విశ్రాంతి ఇచ్చి, నిమ్మ వాసన వచ్చే బండలు తుడిచే ద్రవానికి కేటాయించారు. అక్క వాటిని పెట్టెల్లో కూర్చోబెట్టి, మూతలు బిగించి, ఒక్కొక్కదాని కింది రెప్ప లాగింది. మొదటి గంటకే మూడింటికీ కళ్లు ఎర్రబడి, మార్కులు బాగా పడ్డాయి.