కోడిపుంజైన బఫూన్

మదనపల్లెలో కుప్పం బస్సెక్కితే, ఒళ్లో గంప పెట్టుకున్న ఒకామె పక్కన సీటు దొరికింది. గంపలో కోడిపుంజు. పుంగనూరు దాటాక అది నా చొక్కా గుండీని పొడిచింది.

"కూరకా అమ్మా?" అన్నాను నవ్వుతూ.

"మా ఇంటాయనప్పా," అంది.

నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆమె భర్త నాటకాల్లో బఫూన్ వేషం కట్టేవాడట. పోయిన జాతర నాటకంలో మంత్రగాడు సాంబ్రాణి పొగ వేసి, బఫూన్‌ను కోడిపుంజుగా మార్చాడు. పొగలో మనిషి తెర వెనక్కి జారుకోవాలి, పుంజు ముందుకు రావాలి. పుంజు వచ్చింది. జనం పడీ పడీ నవ్వారు. మనిషి మాత్రం మళ్లీ కనిపించలేదు, ఇంటికీ రాలేదు.

"ఎవురికి సెప్పినా నవ్వుతాండారు. మొగునికి గింజలేసినావా అంటారు."

"ఇప్పుడు యాడికి పోతాండావమ్మా?"

"మంత్రగాని వేషం కట్టినాయప్ప కుప్పంలో ఉండాడు. ఈ పుంజును మళ్లా మనిషిని సెయ్యమని అడగాల."

"నిజంగా మారినాడని నమ్ముతాండావా?" అన్నాను మెల్లగా.

"నాకేమన్నా పిచ్చా అప్పా?"

పుంజును రెండు చేతులతో పైకెత్తింది. గంప అడుగున మగవాళ్ల చెప్పుల జత, ఒక సెల్‌ఫోను ఉన్నాయి.

"ఆయనవే. తెర ఎనకాల దొరికినాయి. ఇల్లిడిసి పారిపొయ్యేటోడు ఇవి ఆడ పెట్టి పోతాడా? ఏం జరిగిందో ఆ పొగేసినోనికే తెలుసు."

ఆమె చేతుల్లో పుంజు మెడ సాచి గట్టిగా కూసింది.

బస్సంతా నవ్వింది.