శనగలు మింగిన మోటారు సైకిలు

ఆ రోజుల్లో కువైట్‌లో, ఖైతాన్ అనే పేటలోని మా గదిలో, పాడైపోయిందని పారేసిన వస్తువంటూ ఒక్కటీ ఉండేది కాదు. పిడి ఊడిన ఇస్త్రీ పెట్టెకి చెక్క ముక్క, కాలు విరిగిన కుర్చీకి ఇటుక, మూత పోయిన గిన్నెకి కంచం. ఐదుగురం ఒక గదిలో పడుకుంటూ, ఇంటికి పంపగా మిగిలినదాంతో నెల గడిపేవాళ్ళం కాబట్టి, కొత్తది కొందామన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. ఇప్పుడు మా ఇంట్లో మిక్సీ మొరాయిస్తే మా ఆవిడ సాయంత్రానికల్లా కొత్తది తెప్పించేస్తుంది. "ఒక్కసారి విప్పి చూస్తానే" అంటే, "చాల్లెండి, మీరు విప్పినవి మళ్ళీ ఎప్పుడు బిగిశాయి కనక" అంటుంది. ఆవిడకేం తెలుసు, ఇరవై రెండేళ్ళ వయసులో ఏకంగా ఒక మోటారు సైకిలునే విప్పి మళ్ళీ బిగించిన మొనగాణ్ణని! (విప్పింది నేను. బిగించింది చాలామటుకు మా గదిలోని డక్టు మావయ్య, ఆయన సంగతి తర్వాత చెప్తాను. కానీ చెప్పుకునేటప్పుడు ఆ తేడా మర్చిపోవడం అలవాటైపోయింది.)

బండి మా బావది. బావంటే మా అక్క మొగుడు, ఆ గదిలో ఐదుగురిలో ఒకడు. తన కఫీల్‌ని, అంటే వీసా ఇచ్చే అరబ్బు యజమానిని, నెలల తరబడి బతిమాలి నాకు వీసా తెప్పించి, అమలాపురం అవతల గాలికి తిరుగుతున్న నన్ను తీసుకొచ్చి ఒక గోడౌన్లో పనికి పెట్టించిన మహానుభావుడు. ఏసీలు బాగుచేసే పని ఆయనది. ఏదో హోటలు మూసేస్తుంటే వాళ్ళు సరుకులు చేరవేసే చిన్న బండిని కొనుక్కున్నాడు. ముదురు ఎరుపు రంగు. దాన్ని రోజూ పొద్దున్నే పాత బనీనుతో తుడిచేవాడు. అక్కకి రాసే ఉత్తరంలో కూడా దాని క్షేమం ఒక వాక్యం ఉండేది. ఆ ఏడు, పుట్టిన పాపని చూసుకోవడానికి నలభై రోజుల సెలవు మీద ఇంటికి వెళ్తూ, తాళంచెవి నా చేతిలో పెట్టి చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాడు: "రోజూ ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఉంచు, బ్యాటరీ చచ్చిపోకుండా. అంతే. ఎక్కావో, వచ్చే విమానానికి నిన్ను ఎక్కిస్తాను."

ఊరికే బెదిరింపు కాదది. నాకు లైసెన్సు లేదు. లైసెన్సు లేకుండా బండి నడుపుతూ దొరికితే వేలిముద్రలు వేయించుకుని నేరుగా విమానం ఎక్కించేస్తారని గదిలో అందరూ చెప్పుకునేవారు. నేను ఆయ్ బావా, ఆయ్ బావా అని ఆరుసార్లు తలూపాను. మొదటి వారం మాట మీద నిలబడ్డాను కూడా. రెండో శుక్రవారం పొద్దున్న, వీధిలో పురుగు కూడా లేదు, అందరూ సెలవు నిద్రలో ఉన్నారు, బండేమో కింద హాయిగా గుర్రుమంటోంది. నిలబెట్టి తిప్పితే ఇంజనుకి మంచిది కాదని ఎవరో అన్నట్టు గుర్తొచ్చింది. (ఎవరూ అనలేదు.) బిల్డింగు చుట్టూ ఒక్క రౌండు, అంతే అనుకున్నాను. ముందురోజు దుమ్ము తుఫాను వచ్చి వెళ్ళింది. మలుపులో రోడ్డు మీద ఇసుక పేరుకుని ఉంది. నేను భయపడి ముందు బ్రేకు పట్టాను. ఇసుక మీద ముందు బ్రేకు పట్టకూడదన్న సంగతి నాకు ఎప్పుడు తెలిసిందంటే, నేను చెత్త తొట్టికి గుద్దుకుని, అందులోంచి మూడు పిల్లులు నా మీదుగా దూకి పారిపోయాక తెలిసింది.

హెడ్‌లైటు పగిలింది. ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలు రెండూ వంగిపోయాయి. మడ్‌గార్డు నలిగి అప్పడమైంది. పెట్రోలు ట్యాంకుకి అరచెయ్యి పట్టేంత సొట్ట. నా మోకాలు కూడా బాగానే చెక్కుకుపోయింది కానీ అప్పుడు దాని సంగతి ఎవడికి కావాలి! పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. బండిని ఎలాగో ఈడ్చుకొచ్చి మెట్ల కింద పెట్టేసరికి మా బిల్డింగు కాపలాదారు, ఈజిప్టు మనిషి, హారిస్ అంటారు, గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉన్నాడు. బండి వంక చూశాడు, నా వంక చూశాడు. "ఖలాస్" అన్నాడు. అది బండి గురించో నా గురించో చెప్పలేదు.

అక్కణ్ణుంచి తోసుకుంటూ మెకానిక్కు దగ్గరికి పోతే సరిపోయేది కదా అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. అక్కడి పద్ధతిలో, గుద్దుకున్న బండిని బాగుచెయ్యాలంటే ముందు పోలీసులిచ్చిన కాయితం చూపించాలి. కాయితం లేకుండా చెయ్యేస్తే షాపు మూయించేస్తారు. వీధి చివర పంజాబీ మేస్త్రీ నన్నూ నా మోకాలినీ చూసి, "వరఖా కిధర్ హై?" అని ఆ కాయితం గురించే ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. కాయితం కావాలంటే పోలీసుల దగ్గరికి వెళ్ళాలి. వెళ్తే లైసెన్సు అడుగుతారు. అడిగితే నా కువైట్ కథ కంచికి. పైగా నన్ను తెప్పించినందుకు బావకి కఫీల్ దగ్గర తలవంపులు. ఆయన రావడానికి ఇంకా నెల ఉంది. ఈలోగా బండి యథాతథంగా లేచి నిలబడాలి, అదీ మా చేతులతో, మా గదిలోనే.

ఇక డక్టు మావయ్య గురించి చెప్పాలి. పాలకొల్లు వైపు మనిషి, మా గదిలో అందరికన్నా పెద్దాయన. ఏసీ గాలి గొట్టాలకి రేకు వంచే పని. ఆయన ఎవరికీ వరసకి మావయ్య కాదు, అందరికీ మావయ్యే. విషయం విని, నన్ను తిట్టాల్సిన నాలుగూ తిట్టి, చుట్ట లేదు కనక వక్కపలుకు నోట్లో వేసుకుని, "ఒరే అల్లుడూ, ఇది రేకు పనేరా. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?" అన్నాడు. ముందుగా హారిస్ గది కూలరుకి ఒక కొత్త రేకు గొట్టం బిగించి ఆయన నోరు మూయించాడు. మేం బండిని ముక్కలుగా విప్పి రెండు మంచాల మధ్య పాత పేపర్లు పరిచి పేర్చాం. మిగతా ఇద్దరూ నెల రోజులు సైలెన్సరు దాటుకుంటూ స్నానానికి వెళ్ళారు.

ముందు గొట్టాలు శుక్రవారం సంతలో దొరికాయి. అచ్చంగా అలాంటివే, రెండు వేళ్ళు పొడవు ఎక్కువ, అంతే. బిగిస్తే బండి ముందు కాళ్ళెత్తిన మేకలా నిలబడింది. మావయ్య వాటిని పైకి జరిపి బిగించి, "ఇప్పుడు ఎవడు కొలుస్తాడు?" అన్నాడు. మడ్‌గార్డు ఆయన రేకుతోనే వంచాడు. గుండ్రం రావడానికి అచ్చు కావాలి కదా, మేం అన్నం వండుకునే పెద్ద గిన్నెని బోర్లించి దాని మీద సుత్తితో కొట్టాడు. మడ్‌గార్డు చక్కగా వచ్చింది. గిన్నె మాత్రం ఆ తర్వాత ఏ పొయ్యి మీదా తిన్నగా కూర్చోలేదు.

అసలు యుద్ధం ట్యాంకు సొట్టతో. లోపలికి చెయ్యి పోదు. మావయ్య రెండ్రోజులు ఆలోచించి, "శనగలు పోద్దాం" అన్నాడు. కడిగిన ట్యాంకులో శనగలు నింపి, నీళ్ళు పోసి మూత బిగిస్తే, అవి నాని ఉబ్బి సొట్టని బయటికి తోసేస్తాయిట. "రేకు పనిలో ఇది చూశారా మావయ్యా?" అంటే, "చూడక్కర్లేదు, బుర్రుంటే చాలు" అన్నాడు. గదిలో వంటకని తెచ్చిన పెద్ద శనగలు రెండు కిలోలూ పోసేశాం. మర్నాటికి శనగలు ఉబ్బాయి. సొట్ట ఉన్నచోటే ఉంది. శనగలు మాత్రం బయటికి రానంటాయి! వంచిన సైకిలు పుల్లతో ఒక్కొక్కటే పొడిచి లాగుతూ మూడు సాయంత్రాలు కూర్చున్నాను. గదంతా పులిసిన వాసన. శుక్రవారం వంట వంతు వచ్చినవాడు సంచీ వెతుక్కుని, "ఒరే, శనగలేవిరా?" అని అడిగితే మావయ్య వేలితో ట్యాంకు చూపించాడు. ఆవేళ మేం ఖుబ్బూస్ రొట్టెలు పెరుగులో ముంచుకుని తిన్నాం.

సొట్టలో లప్పం పెట్టి పూడ్చాం. రంగు కలిపించి డాబా మీద వేస్తే, అదే రోజు మళ్ళీ దుమ్ము లేచి ట్యాంకు గరుకు కాయితంలా తయారైంది. గీకి మళ్ళీ వేశాం. బావ రావడానికి రెండ్రోజుల ముందు, మెట్ల కింద నిలబెట్టి కిక్కు కొడితే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. విప్పి చూస్తే పెట్రోలు దారిలో శనగ పొట్టు. తీసేశాక గుర్రుమంది. ఆ చప్పుడు వినగానే నాకు నిజంగానే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మావయ్య కూడా అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

అంతటితో ఊరుకుంటే మేం తెలుగువాళ్ళం ఎలా అవుతాం? "దెబ్బ తిన్న బండి, పూజ చెయ్యకుండా మనిషిని ఎక్కించకూడదు" అన్నాడు మావయ్య. నాకూ అది సబబుగానే తోచింది. కొబ్బరికాయ తెచ్చాం, పసుపు రాశాం, కుంకం బొట్లు పెట్టాం, హారతిచ్చాం. హారిస్‌కి కూడా కొబ్బరి ముక్క పెట్టాం. మర్నాడు తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాం. తుడిచేశామనే అనుకున్నాం.

బావ వచ్చాడు. సామాను కూడా విప్పకుండా కిందికి దిగి బండి చుట్టూ తిరిగాడు. స్టార్టు చేసి ఒక చుట్టు తిరిగొచ్చి, "భలే ఉందిరా, నేనున్నప్పటికన్నా మెత్తగా పోతోంది" అన్నాడు. మావయ్య నా వీపు మీద చిన్నగా గిల్లాడు. అంతలో బావ వంగి, స్పీడు మీటరు అంచుని గోటితో గీకి, ఆ వేలు వెలుగులో పెట్టుకుని చూశాడు.

"ఇదేంటి?"

"పసుపు బావా."

"దసరా ఇంకా ఆర్నెల్లుంది. బండి కొత్తదీ కాదు. మరి పూజ ఎందుకు చేశారు?"

నేను మావయ్య వంక చూశాను. మావయ్య ఆకాశం వంక చూస్తున్నాడు. బావ నా కాళ్ళ వంక చూశాడు. "అలా గుమ్మం దాకా నడిచి రా" అన్నాడు. నడిచాను. నెలైనా మోకాలు సరిగ్గా వంగడం లేదు, దానికి మందు కొనడానికి కూడా మిగలకుండా అంతా బండికే పెట్టేశాను. బావ నా పంట్లాము పైకి లాగి, చీము పట్టిన ఆ పుండు చూసి, "బండికి రాసిన పసుపులో కాస్త దీనికి రాసుకుని ఏడవలేకపోయావురా!" అన్నాడు. తిడతాడని నెల రోజులుగా సిద్ధమై ఉన్నాను గానీ ఆ మాటకి సిద్ధంగా లేను. అప్పటికప్పుడు క్లినిక్కుకి తీసుకెళ్ళి కట్టు కట్టించాడు. నన్ను ఏ విమానమూ ఎక్కించలేదు.

వారం తిరక్కుండా బండి అమ్మేశాడు. పక్క వీధి లాండ్రీలో పనిచేసే బంగ్లాదేశీకి. "అదుంటే నువ్వు మళ్ళీ ఎక్కుతావు. నీకేమైనా అయితే మీ అక్కకి నేనేం చెప్పను?" అన్నాడు. ఆ తర్వాత ఆయన టూల్ బ్యాగు భుజాన వేసుకుని ఎర్రటెండలో బస్సుల కోసం నిలబడేవాడు. మరి నేను సిగ్గుపడ్డానా? అబ్బే! నెల రోజులు ప్రాణం పెట్టి బిగించిన బండిని ఒక్క మాటైనా అడక్కుండా అమ్మేశాడని అలిగాను. పది రోజులు మాట్లాడలేదు. రోజూ సాయంత్రం ఆ లాండ్రీవాడు కిందినుంచి వెళ్తుంటే బాల్కనీలోకి పరిగెత్తి, "క్లచ్చు అంత గట్టిగా వదలకురా, నీ దుంప తెగ" అని అతనికి రాని తెలుగులో తిట్టేవాణ్ణి. అప్పుడే పని నుంచి వచ్చి, చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయి, నా వెనక నిలబడి బావ నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియక నాకు ఇంకా ఒళ్ళు మండేది.