సకినాలకు ఏ సీసా?

డిసెంబరు ఆఖరి రోజున నా బిడ్డ హైదరాబాదు నుంచి బస్సు దిగి వచ్చి, హాలియాలోని మా వంటింటి గట్టు మీద రెండు సీసాలూ ఒక వెడల్పాటి చెక్క పలకా పెట్టింది. సీసాలు సరే, పలక ఎందుకో నాకు అర్థం కాలేదు. రొట్టెల పీట ఇంట్లో ఉండగా ఇంకోటి ఎందుకు మోసుకొచ్చావని కోప్పడ్డాను.

"రొట్టెలకు కాదమ్మా. ప్రతి జనవరి ఫస్టుకు నందికొండకు పోయి సాగర్ డ్యామ్ జూసి, చేపలు తినొస్తం గద. ఈసారి ఇంట్లనే. దీని మీద పది పదిహేను తీర్ల తిండి పేర్చి నడిమిట్ల పెడ్తం. చుట్టూ కూసొని కొంచెం కొంచెం తినుకుంట గీ వైన్ తాగుడు. గ్రేజింగ్ బోర్డ్ అంటరు."

"పళ్లాలు లేవా మనకు?"

"పళ్లెంల పెట్టుకుంటే మామూలు తిండైతది."

మా అత్త పుట్టింది గొర్ల మందలున్న ఇంట్లో. గ్రేజింగ్ అంటే మేయడమని మనవరాలు చెప్పగానే ఆమె బోసినోటితో నవ్వి, "గొర్లను మేపిన గని, మనుషులను పలక మీద మేపుడు గిప్పుడే ఇంటున్న" అంది.

సీసాల సంగతి ఇంకా గందరగోళం. రెండిట్లోనూ బుడగలు వచ్చే వైనే అట. ఒకటి తీపి, ఇంకొకటి డ్రై. తడిగా ఉన్నదాన్ని డ్రై అని ఎందుకంటారో నా బిడ్డ రెండుసార్లు చెప్పింది, నాకు రెండుసార్లూ తలకెక్కలేదు. తీపి లేనిదనుకో, చాలు అంది. ఉప్పువి, నూనెలో వేగినవి డ్రైకి జత. పండ్లు, మిఠాయిలు తీపిదానికి. అయితే అది తెల్లదొరల తిండికి రాసిన లెక్క.

"మన సకినాలకు, సర్వపిండికి ఏది కుదురుతదో ఎక్కడ రాసి లేదు. నువ్వే రుచి జూసి చెప్పాలె. నీ నాలుకకు మించింది ఉన్నదా?"

రేపు చూద్దామని నేను పొయ్యి వైపు తిరిగాను.

ఎందుకంటే ఏడాదిన్నరగా నాకు నాలుక లేదు. నోట్లో ఉంది, మాట్లాడుతుంది, గట్టిగానే మాట్లాడుతుంది. రుచి మాత్రం లేదు. రెండోసారి కరోనా అందరినీ చుట్టబెట్టినప్పుడు నాకూ వచ్చింది. పది రోజులకు జ్వరం తగ్గింది. వాసన, రుచి తిరిగి రాలేదు. దవాఖానలో అడిగితే నెమ్మదిగా వస్తుందన్నారు. నెమ్మది అంటే ఎన్నాళ్లో వాళ్లు చెప్పలేదు, నేనూ మళ్లీ పోలేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెబుతాను? మా వాడలో ఎవరు మామిడికాయ తొక్కు పెట్టినా, కలిపిన రోజున ఒక గిన్నెలో రవ్వంత నాకు పంపుతారు. నేను వేలితో నాకి, ఉప్పు ఎంత తక్కువో చెబితేనే జాడీ మూత పడుతుంది. పెళ్లిళ్లలో వంటవాళ్లు నన్ను చూస్తే గరిటె దాచుకుంటారు. ఎవరి వంటనూ నేను ఊరికే మెచ్చుకోను. నా బిడ్డ చిన్నప్పుడు ఉప్మా చేస్తే, పిండి పిసికినట్టుందని దాని ముఖం మీదే అన్నాను. నాకు చదువు లేదు, ఉద్యోగం లేదు. ఈ ఒక్క విషయంలోనే నా మాటకు ఎదురు లేదు. అది కూడా పోయిందని తెలిస్తే, నలుగురికి వండిపెట్టే మామూలు ఆడమనిషినే కదా మిగిలేది.

వంట మాత్రం చెడలేదు. ముప్పై ఏళ్లుగా వేసిన చెయ్యి అదే కొలత వేసుకుంటూ పోయింది. పోయిన ఎండాకాలం మూడిళ్ల తొక్కుకు రంగూ నూనే చూసి తీర్పు చెప్పాను. ఎవరూ తిరిగి వచ్చి అడగలేదు. కుదిరిందో, నా మీద భయమో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దెక్కాక వసారాలో చాప పరిచి పలక పేర్చాం. సకినాలు, కరకరలాడేలా కాల్చిన సర్వపిండి ముక్కలు, వేయించిన చిన్న చేపలు, పల్లీలు, బత్తాయి తొనలు, రేగుపండ్లు, జామకాయ ముక్కలు, వాటి పక్కన గిన్నెలో దొడ్డుప్పు. నా బిడ్డ తెచ్చిన చీజ్ ఒక మూలకు. పక్కింటి బర్రె ఈనిందని నేను వండిన జున్ను ఇంకో మూలకు. నేను వరుసగా పెడుతుంటే ఆమె చెదరగొడుతోంది.

"గట్ల లైన్ల పెట్టొద్దమ్మా. కుప్పలు కుప్పలుగ ఉండాలె."

"సంతల పోసినట్టా?"

"ఆ, గట్లనే!"

శుభ్రంగా సర్దితే తప్పు, కలగాపులగం చేస్తే ఒప్పు. ఇదేం మర్యాదో నాకు పాలుపోలేదు.

మా ఆయన రెండు సీసాలూ తెరుస్తుంటే ఒకదాని బిరడా ఠప్పుమని పోయి దూలానికి తగిలింది. ఆయనకు తెలిసింది కల్లు ఒక్కటే. అందుకని వైన్‌ను స్టీలు చెంబులోకి వంపి, నురుగు చావనీ అని పక్కన పెట్టాడు. "నాయినా! ఆ నురుగుకే పైసలు!" అని బిడ్డ అరిచింది. అత్త మాత్రం తన గ్లాసులోంచి నాలుగు చుక్కలు దేవతకు సాకగా నేల మీద పోసి, మీది నురుగు ఉఫ్‌మని ఊది, గుటుక్కున తాగేసింది. "పుల్లగైన ఈతకల్లు లెక్కుంది" అంది. ఎనభై ఏళ్ల మనిషికి రుచి తెలుస్తోంది. నాకు కడుపు మండింది.

నా వంతు వచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగాక అట్లాంటిది ముట్టలేదు. ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. నాలుక మీద చీమలు పాకినట్టు చిమచిమలాడింది. ఏడాదిన్నర తరువాత నా నాలుక మీద ఏదో జరుగుతోంది! రుచి వచ్చేసిందనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. గబగబా ఒక సకినం కొరికాను. కరకరలాడింది, అంతే. నువ్వులు లేవు, వాము లేదు, ఉప్పు లేదు. బత్తాయి తొన నమిలాను. చల్లటి నీళ్లు. ఈసారి రెండో సీసాలోది తాగాను, మళ్లీ చిమచిమ. అది రుచా, ఉత్త గిలిగింతా? వచ్చిందా, రాలేదా? ఎవరినైనా అడగాలంటే ముందు అసలు సంగతి చెప్పుకోవాలి.

"చెప్పమ్మా, సకినాలకు ఏ సీసా?" బిడ్డ ఫోన్‌లో రాసుకోవడానికి సిద్ధంగా ఉంది.

ఏది తీపిదో, ఏది డ్రైయో నా నాలుకకు అందలేదు గానీ, తెలియదనడం నాకు చేతకాదు. మొదటి సీసాలో బుడగలు సన్నగా, గరుగ్గా తగులుతున్నాయి. రెండోదాంట్లో మెత్తగా ఉన్నాయి. కరకరలాడేవన్నీ మొదటిదానికి, మెత్తటివన్నీ రెండోదానికి, ఉత్త నీళ్లలా ఉన్న బత్తాయి రెండిటికీ కాదు అని మనసులో గీత గీసుకున్నాను. "సకినాలు, చేపలు, సర్వపిండి గీ సీసకు. జున్ను, రేగుపండ్లు గా సీసకు. బత్తాయి దేనికీ వద్దు" అని జడ్జిలా చెప్పాను. బిడ్డ ఒక్కొక్కటే తిని తాగి చూసి, కళ్లు పెద్దవి చేసింది.

"కరెక్ట్ అమ్మా! బత్తాయితోని నిజంగనే చేదైతాంది. నీకెట్ల తెలిసింది? నీ నాలుకకు మొక్కాలె!"

మా ఆయన కూడా గర్వంగా తల ఊపాడు. వాళ్లు మెచ్చుకుంటూనే పోయారు. నా మీద నాకు కోపం, వాళ్ల మీద అంతకంటే కోపం. ఇన్నాళ్లు ఒకే కంచం దగ్గర కూచుని ఒక్కరూ కనిపెట్టలేదే!

"నాకు రుచి తెలుస్తలేదు" అన్నాను. "కరోనా వచ్చినకాడి నుంచి ఏది తెలుస్తలేదు. ఉప్పు తెల్వదు, పులుపు తెల్వదు. సప్పుడు విని చెప్పిన."

ముగ్గురూ నా ముఖం చూశారు. తరువాత పకపకా నవ్వారు.

"పిల్లకు నెత్తికెక్కింది" అంది అత్త. మా ఆయన నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, "ఇగ సాలు" అన్నాడు. బిడ్డ నన్ను వాటేసుకుని, "రెండు గుక్కలకేనా అమ్మా!" అని ఊగిపోయింది.

అన్నాళ్లు దాచిన మాట బయటపెడితే దాన్ని తాగుబోతు మాట కింద కట్టారు. జామకాయల పక్కనున్న దొడ్డుప్పు గుప్పెడు తీసి నోట్లో పోసుకుని నమిలాను. కరకరా నమిలాను. నా ముఖంలో ఏ మార్పూ లేదు. నవ్వులు ఆగిపోయాయి. అత్త ముందుకు జరిగి నా గదవ కింద దోసిలి పట్టి, "ఉమ్మెయ్ బిడ్డా, ఉమ్మెయ్" అంది. నన్ను ఆమె బిడ్డా అనడం అదే మొదలు. ఆమె చేతుల్లోనే ఉమ్మేశాను.

"ఎన్నడి సంది?" అని అడిగింది నా బిడ్డ.

"ఏడాదిన్నర."

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది.

"మరి పోయిన ఎండకాలం నేను రూమ్‌ల చింతచిగురు మటన్ వండి తెచ్చిన గద. మంచిగున్నదన్నవు."

"అన్న."

"రెండోసారి ఏసుకొని తిన్నవు."

"తిన్న."

"అండ్ల ఉప్పు ఇషం అమ్మా. తిరిగి బస్సెక్కినంక యాదికొచ్చింది, రెండుసార్లు ఉప్పేసిన అని. ఎవ్వల వంటకైనా వంక పెట్టేదానివి, ఆ దినం ఒక్క మాట అనలే. నా మీద పానం కొద్ది తిన్నవనుకున్న. ఆడ ఎప్పుడు యాష్టకొచ్చి ఏడుపొచ్చినా గదే యాది చేసుకుంట."

ఆ రోజు రెండోసారి ఎందుకు వేసుకున్నానో నాకు గుర్తు లేదు. ఆకలై ఉండొచ్చు. ప్రేమతోనే తిన్నానంటే, అప్పుడే దొరికిపోయిన అబద్ధాలకు ఇంకొకటి కలుపుతాను. కాదంటే ఆమె దాచుకున్నది నా చేత్తో లాక్కుంటాను. ఎంత వెతికినా నా దగ్గర ఒక్క నిజమే కనబడింది.

"నాలుక మంచిగుంటే తిట్టేదాన్ని బిడ్డా" అన్నాను.

"గది నాకెరుకే అమ్మా" అని ఆమె ముఖం అటు తిప్పుకుంది.