లాయిడ్ రివాల్వర్

మా ఆయన రాయిస్ టాకెట్ మంచివాడు. ఈ మాట ముందే అనేస్తున్నాను, ఎందుకంటే మిగతాదంతా విన్నాక నేను అన్నా మీరు నమ్మరు. ట్రాక్టర్ విడిభాగాల కొట్టు నడుపుతాడు. తాగడు, తిరగడు, ఆదివారం చర్చిలో కునుకు తీసినా గురక పెట్టడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, కుళ్లు. అది కూడా అందరికీ ఉండే కుళ్లు కాదు. పక్కవాడు కొత్త ట్రక్కు కొన్నా, పొలం కొన్నా ఆయనకు చీమ కుట్టినట్టైనా ఉండదు. చేత్తో నగిషీ చెక్కిన రివాల్వర్ ఇంకొకడి బల్ల మీద కనబడిందా, ఇక ఆ పూట తిండి సహించదు.

మా ఓక్లహోమా పడమటి పక్క ఇలాంటి మగవాళ్లు ఊరికి డజను మంది ఉంటారు. ఈ రివాల్వర్లను ఎవరూ పేల్చరు. పేలిస్తే పూత పోతుందని ప్రాణం విలవిల్లాడుతుంది వాళ్లకి. మెత్తటి గుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో పెట్టుకుని, తీసి చూసుకుని, మళ్లీ పెట్టుకోవడమే పని. ఏడాదికోసారి, వసంతంలో, సంత మైదానం షెడ్డులో బల్లలు వేసి అందరూ తమ తమ వస్తువులు పరుస్తారు. మేం ఆడవాళ్లం కాఫీ, పెకాన్ పప్పులతో చేసిన పై అనే తీపి వంటకం అమ్ముతాం. ఎవరైనా ఒక బల్ల దగ్గరికి వచ్చారంటే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని చూడాలి. బల్ల యజమాని "తీసుకో, చూడు" అంటేనే చేతులు ముందుకొస్తాయి. అన్నాక కూడా చేతులు వెనకే ఉండిపోతే దానికి అర్థం ఒక్కటే, ఆ వస్తువు ముట్టుకోదగ్గది కాదని. అంతకంటే పెద్ద తిట్టు మా షెడ్డులో లేదు.

రాయిస్ దగ్గర మంచివే ఉన్నాయి. ఏనుగు దంతం పిడి ఉన్నది ఒకటి, గొట్టం మీద బంగారు తీగ పొదిగింది ఒకటి, ఎద్దు తల చెక్కింది ఒకటి. వాటి కోసం మేం కొలరాడో వెళ్లాల్సిన సెలవులు మూడుసార్లు మానుకున్నాం. అయినా జనం మా బల్ల దగ్గర మర్యాదకి ఆగి, తలాడించి, నేరుగా లాయిడ్ ఎబర్లీ బల్ల దగ్గరికి పోయేవారు.

లాయిడ్ గాలిమరలు బాగుచేసేవాడు. పొడుగ్గా, నోట్లో నాలుక లేనట్టు ఉండేవాడు. అంత పెద్ద బల్ల మీద ఆయన పెట్టేది ఒక్కటంటే ఒక్క రివాల్వర్. కుర్రతనంలో ఎప్పుడో గస్ హోల్మ్ అనే ముసలి చెక్కడంపనివాడి ఇంట్లో బావి గాలిమర విరిగితే ఈయన శీతకాలమంతా పనిచేసి దాన్ని నిలబెట్టి ఇచ్చాడట. ఆ ముసలాయన బదులుగా లాయిడ్ రివాల్వర్ తీసుకుని చెక్కి ఇచ్చాడు. గొట్టం మొదలు నుంచి పిడి అంచు దాకా ఒకే తీగ, దానికి గుండె ఆకారంలో, మా వైపు పెరిగే రెడ్‌బడ్ చెట్టు ఆకులు. ఏ రెండు ఆకులూ ఒకేలా ఉండవు. ఒకటి పురుగు తిన్నట్టు, ఒకటి ఎండకి ముడుచుకున్నట్టు. నాకు ఈ విద్యలో ఓనమాలు రావు, నాకే చూస్తే చెయ్యి చాచాలనిపించేది.

మా ఆయన ఆ బల్ల ముందు నిలబడితే కదిలేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, దవడలు బిగించి అలా చూస్తుండిపోయేవాడు. లాయిడ్ ఏమో నవ్వుతూ తీసుకోమనేవాడు. ఈయన తీసుకునేవాడు, తిప్పి తిప్పి చూసేవాడు, వేలిముద్రలు తుడిచి తిరిగి పెట్టేవాడు, మొహం మాడ్చుకుని వచ్చేవాడు. దారంతా ట్రక్కులో సణుగుడే. లాయిడ్‌కి దాని విలువ తెలీదట. అసలు చెక్కడం అంటే ఏమిటో తెలీదట. చేతుల్లో పెట్టుకుని టీవీలో వార్తలు చూస్తాడట, ఎడమ పక్క ఆకులన్నీ బొటనవేలికింద అరిగిపోతున్నాయట.

"సబ్బుబిళ్లని అరగదీసినట్టు అరగదీస్తున్నాడే వెర్నా. మనిషన్నవాడు చేసే పనేనా?"

"ఆయనది ఆయన అరగదీసుకుంటున్నాడు, నీ ఒళ్లెందుకు మండుతోంది?" అన్నాను.

మరి నా ఒళ్లు కూడా మండేది, అది వేరే సంగతి. నా మంట రివాల్వర్ మీద కాదు, లాయిడ్ పెళ్లాం ఓపల్ మీద. సాయంత్రం ఆ ఇంటి ముందు నుంచి వెళితే వసారాలో ఇద్దరూ పక్కపక్కన కూచుని ఉండేవారు. ఆయన ఒళ్లో ఆ రివాల్వర్, ఆమె ఒళ్లో చిక్కుడుకాయల గిన్నె. మా ఇంట్లో మగవాడు గరాజులో ఇనప్పెట్టెతో కాపురం చేస్తుంటే నేను ఒక్కదాన్నే కాయలు ఒలుచుకునేదాన్ని. అది చాలదన్నట్టు షెడ్డులో నా పెకాన్ పై ముక్కలు సగం మిగిలిపోయేవి, ఓపల్ చేసిన పై మధ్యాహ్నానికే ఖాళీ. ఆమె మీద కోపం తెచ్చుకుందామా అంటే, వచ్చి నేను చేసిన పై ఒక ముక్క కొనుక్కుని తిని బాగుందనేది. అప్పుడు ఇంకా మండేది.

లాయిడ్ ఒక శరత్కాలంలో మర మీద నుంచి దిగి, నిచ్చెన పక్కన కూచుని, అలాగే పోయాడు. గుండె. ఊరు ఊరంతా కదిలింది. రాయిస్ శవపేటిక మోసినవాళ్లలో ఒకడు. ఏడ్చాడు కూడా, అబద్ధం చెప్పను. కానీ శ్మశానం నుంచి ఇంటికి వచ్చే దారిలో, టై ఇంకా విప్పనైనా విప్పలేదు, దాన్ని ఓపల్ ఎవరికిస్తుందో అన్నాడు.

మా వాళ్లలో ఒక పద్ధతుంది. ఇలా పోగుచేసుకునేవాడు పోతే, వాడి భార్యని ఏడాది దాకా ఎవరూ వస్తువు సంగతి అడగకూడదు. ఆమె నోరు తెరిస్తే సరే. లేకపోతే లేదు. అడిగినవాడితో ఇక ఎవరూ మాట్లాడరు. అడగకూడదు కానీ, కళ్లబడుతూ ఉండొచ్చు కదా. ఆ ఏడు ఓపల్ ఇంటి గడ్డి కోసినన్నిసార్లు ఆ ఊళ్లో ఏ గడ్డీ కొయ్యలేదు. ఈ రివాల్వర్ల వాళ్ల క్లబ్బుకి పెద్ద డెల్మర్ ఆమె ఇంటి చూరు కాలవలు శుభ్రం చేస్తే, రాయిస్ వెళ్లి కంచె నిలబెట్టాడు. డెల్మర్ ట్రక్కు ఆ వీధిలో కనబడితే చాలు, ఇంటికొచ్చి కాలుగాలిన పిల్లిలా పచార్లు. మా ఇంటి వెనక తలుపు గడియ ఆ ఏడంతా ఊడిపోయి వేలాడుతూనే ఉంది, అది మాత్రం కంటికి కనబడలేదు.

ఏడాది నిండాక ఓపల్ తనే ఫోన్ చేసింది. ఇద్దర్నీ రమ్మంది. వెళ్లాం. ఐస్ టీ ఇచ్చి, లోపలికి వెళ్లి, ఆ రివాల్వర్‌ని లాయిడ్ పాత చొక్కాలో చుట్టి తెచ్చింది. న్యాయమైన ధర చెప్పింది, బేరం అక్కర్లేనిది. రాయిస్ అప్పటికే జేబులోంచి చెక్కుబుక్కు తీస్తున్నాడు.

"చాలామంది వస్తారని తెలుసు నాకు," అంది ఓపల్. "ఆయన ఎప్పుడూ అనేవారు, దీన్ని రాయిస్ చూసినట్టు ఎవరూ చూడరు అని. అంతసేపు నిలబడి చూసేవాడివి కదా. అందుకే నీకు."

నేను టీ గ్లాసు కేసి చూస్తూ కూచున్నాను. కడుపుమంటతో నిలబడ్డాడమ్మా అని ఎలా చెప్పను?

ఇంటికొచ్చాక ఆయన పసిపిల్లాడైపోయాడు. గరాజులో కాదు, వంటింట్లో నా ఎదురుగా కూచుని, దీపం దగ్గరికి లాగి, ఒక్కొక్క ఆకూ చూపించాడు. నేనూ చూశాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ వారం రోజులే నాకు ఆ రివాల్వర్ల మీద కోపం రాలేదు. ఇక కుళ్లు తీరింది, మనిషి కుదుటపడతాడు అనుకున్నాను.

వసంతం వచ్చింది. షెడ్డులో మా బల్ల నడుమ, నల్ల మఖమలు మీద, అదొక్కటే పెట్టాడు. మిగతావి పక్కకి నెట్టేశాడు. జనం విరగబడ్డారు. ఇన్నేళ్లకు మా బల్ల చుట్టూ మూడు వరసలు. కాఫీ కెటిల్ వదిలేసి నేను కూడా వచ్చి చూశాను. అయితే వచ్చిన ప్రతివాడూ అన్న మాట ఒకటే.

"లాయిడ్‌ది నీ దగ్గరికొచ్చిందా? మంచి చోటికే వచ్చిందోయ్," అన్నాడు డెల్మర్. అరిగిన ఎడమ పక్క మీద బొటనవేలు ఆనించి, "ఇదిగో, ఇక్కడ లాయిడ్ ఉన్నాడు," అన్నాడు.

వాళ్ల వ్యవహారం అంతే. వస్తువు ఎవరి పెట్టెలో ఉన్నా పేరు మాత్రం ముందువాడిదే. రాయిస్ దగ్గరున్న దంతం పిడిదాన్ని కూడా ఈనాటికీ ఎవరో టెక్సాస్ డాక్టరు పేరుతోనే పిలుస్తారు. దానికి ఆయన ఎన్నడూ బాధపడలేదు. దీనికి మాత్రం పడ్డాడు. లాయిడ్‌ది, లాయిడ్‌ది, లాయిడ్‌ది. ఆ మాట వినపడ్డప్పుడల్లా చెవి దగ్గర జోరీగ వాలినట్టు తల విదిలించేవాడు. సాయంత్రానికి నవ్వు మొహాన అంటించుకున్నట్టు ఉంది.

ట్రక్కులో పెద్ద గొడవ. పోయినవాడితో పోటీ ఏమిటని నేను. డబ్బు పెట్టింది తను, ఇనప్పెట్టె తనది, బల్ల తనది, పేరు మాత్రం మర ఎక్కేవాడిదా అని ఆయన.

"బతికున్నన్నాళ్లూ వాడిదే. చచ్చాక కూడా వాడిదేనా?"

"నీ మొహం. పాపం ఆయన నిన్నేమన్నాడు?" అంటే రేడియో సౌండు పెంచాడు.

ఆ తర్వాత పట్టుకున్నాడు కొత్త పిచ్చి. అరిగిన ఆకుల్ని మళ్లీ చెక్కించాలట. ముందు మిజోరీలో గస్ హోల్మ్ శిష్యుడి దగ్గరికి వెళ్లాం. ఆయన భూతద్దం పెట్టి చూసి, ఉన్న లోహం తీసేస్తే తప్ప కొత్త గీత పడదనీ, తను ఆ పని చెయ్యననీ చెప్పి, కాఫీ తాగి వెళ్లమన్నాడు. ఈ మనుషుల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. అరుగుదల అరుగుదలగా ఉండాలి. పాతదాన్ని ముట్టుకుంటే అది పాతదీ కాదు, కొత్తదీ కాదు. వేరేవాడెవడైనా ఈ పని చేసుంటే రాయిస్ నెల రోజులు వాణ్ని తిట్టుకుంటూ తిరిగేవాడు. కానీ కుళ్లు కళ్లకి అడ్డం పడిందంటే తెలిసింది కూడా తెలీదు. కాన్సస్‌లో ఒక కుర్ర చెక్కడంపనివాడు ఒప్పుకున్నాడు.

ఆపొద్దా నువ్వు అంటారేమో. ఆపాను. రెండు రోజులు మాటలు మానేశాను, వంట కూడా మానేశాను. కానీ నిజం చెప్పాలంటే గట్టిగా ఆపలేదు. ఓపల్ వసారాలో కూచున్న ఆ వస్తువు ఇక పూర్తిగా మా ఇంటిదైపోతుందంటే నాకూ ఎక్కడో చల్లగా అనిపించింది.

శీతకాలం చివర్లో తిరిగొచ్చింది. తళతళా మెరుస్తోంది. ఆకులన్నీ లోతుగా, పదునుగా, సమానంగా. ముడుచుకున్న ఆకు విచ్చుకుంది, పురుగు తిన్న ఆకు నిండింది. మీద కొత్త నీలి పూత. పిడి వెనక పట్టీ మీద వంపుల అక్షరాల్లో రాయిస్ టాకెట్ అని పేరు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని దీపం కింద అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, "బాగా చేశాడు," అన్నాడు. నేను కూడా బాగుందనే అన్నాను.

మళ్లీ షెడ్డు, మళ్లీ నల్ల మఖమలు. డెల్మర్ వచ్చాడు. చూశాడు. ఇంకా వంగి చూశాడు. రాయిస్ "తీసుకో, చూడు" అన్నాడు. డెల్మర్ చేతులు వెనకనుంచి రాలేదు. శుభ్రంగా ఉందని మాత్రం అని పక్క బల్లకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు కూడా అంతే. ఎవరూ తిట్టలేదు, ఎవరూ అడగలేదు. ఒక్కరంటే ఒక్కరు లాయిడ్ పేరెత్తలేదు. మధ్యాహ్నానికి మా బల్ల ముందు నేల ఖాళీగా ఉంది.

అప్పుడు వచ్చింది ఓపల్. లాయిడ్ పోయాక ఆమె ప్రదర్శనకి రావడం అదే మొదలు. నీలం గౌను వేసుకుంది, పెకాన్ పై చేసి తెచ్చింది, అందరితో మాట్లాడుతూ నెమ్మదిగా మా దగ్గరికి చేరింది. రాయిస్ లేచి నిలబడ్డాడు. ఆమె బల్లంతా కలియజూసింది. మధ్యలోదాని మీద చూపు ఆగింది. రాయిస్ తీసుకోమనలేదు, ఆమె అడగనూ లేదు, మగవాళ్ల బల్లల పద్ధతి అలవాటు లేని మనిషి కదా, చటుక్కున చేతిలోకి తీసుకుంది. తిప్పింది. వెనక పట్టీ చదివింది.

"కొత్తదా రాయిస్? చాలా బాగుంది. నీ పేరు కూడా వేయించుకున్నావే," అంది. జాగ్రత్తగా మఖమలు మీద పెట్టింది. మళ్లీ బల్ల ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, "మరి లాయిడ్‌ది ఏదీ?" అంది.

నేను మా ఆయన మొహం కేసి చూశాను. ఇన్నేళ్లుగా ఆ మొహంలో కోపం చూశాను, ఏడుపు చూశాను, అసూయ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ రోజు ఉన్నది ఏమిటో నాకు తెలీలేదు.

"ఇంట్లో ఉంది ఓపల్ గారూ," అన్నాడు.

"మంచిది. ఈ గుంపులో దానికి గీతలు పడతాయి," అని ఆయన చెయ్యి తట్టి, నా దగ్గర ఒక పై ముక్క కొనుక్కుని వెళ్లిపోయింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద ఆమె మాకోసం ఆగుతుంది. లాయిడ్‌ది ఎలా ఉందని అడుగుతుంది. బాగుందంటాడు. నూనె రాస్తున్నావా అంటుంది. రాస్తున్నానంటాడు. ఒకసారి వచ్చి చూసుకుంటానంటే, రండి, తప్పకుండా రండి అంటాడు.