విలైఫోన్ వేడి కాఫీ

విలైఫోన్ ముప్ఫయ్యేళ్లుగా ఎయిర్‌హోస్టెస్‌గా విమానాల్లోనే బతికింది గానీ, గాల్లో ఒక్కసారైనా కూర్చుని కాఫీ తాగిన పాపాన పోలేదు. రాజధాని వియెంటియాన్ నుంచి కొండల్లో ఉన్న లువాంగ్ ప్రబాంగ్ ఎంత దూరమని! విమానం లేచిందనుకునేలోపే దిగిపోతుంది. ఆలోపు చిప్స్ పొట్లాలు పంచాలి, కాఫీలు పోయాలి, ఖాళీ కప్పులు ఏరుకోవాలి. ఆమె కప్పు మాత్రం ఓ మూల చల్లారిపోయేది.

అందుకే తమ బుల్లి కంపెనీ పారిస్‌కి విమానం నడపాలా వద్దా అన్న మాట లేవగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. పారిస్ చూద్దామని కాదు. రాత్రంతా ప్రయాణం! అందరూ నిద్రపోయాక తీరిగ్గా కూర్చుని తాగొచ్చు. ఈ నెలాఖరుకి రిటైరవ్వాలి గానీ, పారిస్ ఖాయమైతే పాతవాళ్లని ఇంకో ఏడాది ఉంచుతారట. మీటింగులో గొంతు చించుకుని మరీ వాదించింది.

ఆ పొద్దున డైరెక్టర్ సోంసనిత్ ఆమె విమానమే ఎక్కాడు. కుర్రాడిగా చేరినప్పుడు అతనికి ట్రే పట్టుకోవడం నేర్పింది ఈమే. ఆ చనువుతో అడిగేసింది.

"ఏమైంది తమ్ముడూ మన పారిస్?"

"వద్దనుకున్నాం అక్కా. ఉన్న డబ్బంతా పారిస్ వెళ్లే పెద్ద విమానానికే పోస్తే ఈ చిన్న విమానాలు ఆగిపోతాయి, మన ఊళ్లవాళ్లు బస్సెక్కాల్సిందే."

ఆమె తలతిప్పి సీట్ల వైపు చూసింది. ముందు వరుసలో కియెంగ్ ముసలమ్మ అన్నంబుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మోకాళ్ల వైద్యానికి నెలనెలా వచ్చిపోయే మనిషి. ఆ కొండదారిలో ఈవిడ బస్సులోనా?

"మంచిపని చేశావు. పాడు పారిస్!" అంది విలైఫోన్. కళ్లు మాత్రం చెమర్చాయి.

అంతలో పైలట్ గొంతు వినిపించింది. కింద పొగమంచట, విడిపోయేదాకా గాల్లోనే చక్కర్లట. చిప్స్ అయిపోయాయి, కప్పులు ఏరడమూ అయిపోయింది, విమానం ఇంకా తిరుగుతూనే ఉంది. కియెంగ్ ముసలమ్మ బుట్ట మూత తీసి జిగురన్నం ముద్దలు చేసి చుట్టుపక్కల పంచింది. వెనకెవరో మిరపకాయ పచ్చడి విప్పారు. ఇక చూడాలి, విమానమంతా పెళ్లివారి సందడే!

సోంసనిత్ కోటు విప్పి పక్కన పడేసి, వెళ్లి కాఫీ పోసుకొచ్చాడు.

"కూర్చో అక్కా."

"డైరెక్టరువి, నువ్వు తేవడమేంటి? ట్రే చూడు, ఎలా వంకరగా పట్టుకున్నావో! అప్పుడూ ఇంతే!"

"ముందు తాగు, తర్వాత తిడుదువుగాని."

కిటికీ పక్కన కూర్చుంది. రెండు గుక్కలు తాగిందో లేదో, మంచు విడిపోయిందన్నాడు పైలట్. ఆమె అలవాటుగా లేవబోయింది.

"ఓరి నాయనా, ఇంకో చుట్టు తిప్పరా! పిల్ల కాఫీ తాగడం అవలేదు!" అని కేకేసింది కియెంగ్ ముసలమ్మ. విమానమంతా గొల్లున నవ్వింది.

నిజంగానే వాళ్లకంటే ముందు మరో విమానం దిగాలట. పైలట్ ఇంకో చుట్టు తిప్పాడు.

విలైఫోన్ అడుగుచుక్క దాకా తాగింది. ఆ చుక్క కూడా వేడిగానే ఉంది.