కాడి విప్పి వస్తానన్న మనిషి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించే రకం నేను. సినిమాల్లో శబ్దం రికార్డు చేయడం నా పని. ఎన్నో పాడుబడ్డ బంగళాల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. గబ్బిలాలు, జనరేటరు తప్ప ఇంకేమీ వినబడలేదు. బెళుగుప్ప అనే ఊరి దగ్గర షూటింగులో జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

అక్కడ గట్టు తగాదాలో ఒక రైతును పట్టపగలు చేలోనే నరికి చంపారు. ఆ కేసు మీదే మా సినిమా. వేరుశనగ చేలో ఎద్దులు కట్టి, కలుపు తీసే గుంటక తోలుతున్న మనిషి, కత్తులతో వచ్చేవాళ్లను చూసి ఎద్దులను వదిలేసి పరుగెత్తాలి. వెనక నుంచి వేటు పడాలి. స్క్రిప్టులో ఉన్నది అది. ఊళ్లో చెప్పుకునేదీ అదే.

చనిపోయిన రైతు భార్య ఓబుళమ్మ పొద్దున్నే వచ్చి డైరెక్టరు ముందు నిలబడింది.

“మా ఆయప్ప పారిపోలేదు సామీ. పిరికోడని సూపియ్యద్దండి. నా మనవళ్లు ఊర్లో తలెత్తుకోని తిరగల్ల.”

డైరెక్టరు మర్యాదగానే విన్నాడు. పరుగు లేకపోతే సీను పండదన్నాడు. ఆమె వెళ్లి గట్టు మీద కూర్చుంది.

మా నటుడు కాకినాడవాడు. ఎద్దు దగ్గరికి వెళ్లాలంటేనే బిక్కచచ్చిపోయేవాడు. యాక్షన్ అన్నారు. కత్తులవాళ్లు వచ్చారు. అతను పరుగెత్తలేదు. ఎద్దుల వైపు తిరిగి, మెడల కింద తాళ్లు విప్పి, కాడి దించాడు. రెండింటినీ వీపు మీద చరిచి తోలేశాడు. ఆ తర్వాతే వాళ్లకు ఎదురుగా నిలబడ్డాడు.

అతని చొక్కాలో దాచిన మైకు నుంచి నా చెవిలో ఒక మాట పడింది. “ఉండండప్పా, కాడి ఇప్పి వస్తా. నోరు లేని జీవాలు.”

కట్ చెప్పాక అడిగితే, తాను పరుగెత్తాననే అంటాడు! మళ్లీ కాడి విప్పమంటే, ముడి ఎక్కడుందో కూడా దొరకలేదు పాపం. ఎవరైనా నేర్పారేమోనని యూనిట్ అంతా తిరిగి నిలదీశాను. ఎవరూ నేర్పలేదు.

ఓబుళమ్మను పిలిచి ఆ మాట వినిపించాను. కొంగు నోట్లో కుక్కుకుంది.

“గొంతు ఆయప్పది కాదు. మాట ఆయప్పదే. ఆ పొద్దు నేను కంది సాల్ల కాడ నుంచి ఇన్నా. ఎద్దుల కోసం పానం పోగొట్టుకున్న ఎర్రోడంటారని ఎవురికీ చెప్పలేదప్పా.”

డైరెక్టరు ఆ షాటే ఉంచాడు. ఆ మాట మా నటుడి నోటికి ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టదు. ఓబుళమ్మ మాత్రం ఆ ప్రశ్నే వేయలేదు. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకు అదుముకుని, “ఇంగొగసారి పెట్టప్పా” అంది.